చేను చివర నిలబడే మనిషి

కుక్క ఉన్నవాడు చేలో నడుస్తాడు, లేనివాడు చేను చివర నిలబడతాడు. గార్డన్ పొలంలో ఫెజెంట్ అనే అడవికోళ్ళ వేటకి ఇదే పద్ధతి. నడిచేవాళ్ళు కుక్కలతో మొక్కజొన్న చేను ఒక కొస నుంచి వరసగా కదిలి పక్షుల్ని తోలుకొస్తారు. అవతలి కొసలో నిలబడ్డవాళ్ళు అవి పారిపోకుండా కాపు కాస్తారు. నిజానికి ఎక్కువ పక్షులు చివరివాడి నెత్తి మీదుగానే ఎగురుతాయి. ఎగిరితే మాత్రం ఏం లాభం? సాయంత్రం కాఫీల దగ్గర కబుర్లు చెప్పేది నడిచినవాళ్ళే. చివరివాడి ఊసు ఎవరూ ఎత్తరు.

వెండెల్ హోఫ్‌స్టాడ్ పెళ్ళయిన ఏడాది నుంచీ ఆ చివరే నిలబడుతున్నాడు. పక్కన మామగారు ఆర్విడ్ మడత కుర్చీ వేసుకుని, తుపాకీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. దక్షిణ డకోటాలో పుట్టి పెరిగిన మగాడు, నలభై దాటాక కూడా ఆ ముసలాయన పక్కన దిష్టిబొమ్మలా నిలబడడం ఎంత తలవంపో వేరే చెప్పాలా? గార్డన్ అతని భార్య జోలీన్‌కి అన్న. "మంచి కుక్కని తెచ్చుకో బావా, నువ్వూ మాతో నడుద్దువు గాని" అని ఏటా అంటాడు. నవ్వుతూనే అంటాడు. ఆ నవ్వే వెండెల్‌కి పుండు మీద కారం.

అందుకే ఆ వసంతంలో పట్టుబట్టి వేటజాతి ఆడకూనని కొన్నాడు. జోలీన్ ఒప్పుకుంది గానీ రెండు షరతులు పెట్టింది. కుక్క ఇంట్లోనే ఉండాలి. పేరు కూతురు బ్రిటా పెట్టాలి. బ్రిటా మఫిన్ అని, ఓ తీపి కేకు పేరు పెట్టింది. తుపాకులు పట్టుకున్న మగాళ్ళ మధ్య నిలబడి "మఫిన్, మఫిన్" అని పిలవాల్సి వస్తుందని తల్చుకుంటేనే వెండెల్‌కి చెమటలు పట్టాయి.

శిక్షణ మొదలుపెట్టాడు. శిక్షణ ఎవరికి జరిగిందో దేవుడికే తెలియాలి. వెండెల్ "ఆగు" అంటే అది కూర్చునేది. కూర్చుంటే బిస్కెట్ వస్తుందని బ్రిటా అంతకు ముందే నేర్పేసింది. రబ్బరు బొమ్మ విసిరితే తెచ్చేది, కానీ అతనికి కాదు, వంటింట్లో జోలీన్‌కి. ఆమె చేతిలో జున్నుముక్క ఉంటుందని దానికి తెలుసు. రాత్రి పడుకునేది మంచం మీద, అదీ వెండెల్ తలగడ మీద.

"వేటకుక్క మంచమెక్కితే ఇంకేం వేట?" అన్నాడు.

"నువ్వు మంచమెక్కట్లేదా? నేనూ వేటగాడినే అంటావుగా" అంది జోలీన్.

ఒళ్ళు మండిపోయింది. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడమంటే ఇదే. అయినా వదల్లేదు. ఇంటి వెనక గడ్డి భూమిలో పావురాలతో మొదలుపెట్టాడు. పావురం తలని దాని రెక్క కింద దోపి గిరగిరా తిప్పితే, మత్తెక్కి కాసేపు పెట్టినచోటే పడుంటుంది. ప్రతి సాయంత్రం దాన్ని గడ్డిలో దాచొచ్చి, మఫిన్‌ని తాడుతో తీసుకెళ్ళేవాడు. కుక్క వాసన పట్టి, పక్షి ఉన్నచోట ముందు కాలెత్తి, తోక బిగించి కొయ్యబారిపోవాలి. మనిషి వచ్చి పక్షిని లేపేదాకా అంగుళం కదలకూడదు. అదీ చదువు.

మఫిన్ ఆ చదువు ఇట్టే నేర్చేసుకుంది. ముక్కు నేలకి ఆనించి, కొట్టం తలుపు దగ్గర్నుంచి గీత గీసినట్టు పావురం దగ్గరికి పోయేది. పోయి శిలలా నిలబడేది. వెండెల్‌కి ఆనందం పట్టలేదు. ఆ రాత్రే గార్డన్‌కి ఫోన్ చేశాడు.

"బావా, దీని ముక్కు మామూలు ముక్కు కాదు. ఈసారి నేను నడుస్తున్నాను."

"నడుద్దువులే. ముందు దాన్ని చూడనీ" అన్నాడు గార్డన్.

ఒక్క బ్రిటాకే అనుమానం. "నాన్నా, అది పావురం కోసం వెళ్ళట్లేదు. నువ్వు నడిచిన చోటే నడుస్తోంది. నువ్వు పొద తిరిగితే అదీ తిరుగుతోంది" అంది.

"నీకేం తెలుసు? వెళ్ళి హోంవర్క్ చేసుకో" అని కసిరాడు. ఆ పిల్ల మాట ఆ రోజు చెవిన పెట్టుంటే ఈ కథే లేదు.

అక్టోబరు వచ్చింది. వేటకాలం మొదలయ్యే శనివారం గార్డన్ ఇంటి ముందు ట్రక్కులు బారులు తీరాయి. మధ్యాహ్నం పన్నెండయితే గానీ తుపాకీ పేలకూడదు కాబట్టి అందరూ కాఫీ తాగుతూ గడియారాలు చూసుకుంటున్నారు. గార్డన్ ఏటా చెప్పేదే మళ్ళీ చెప్పాడు. పుంజుల్నే కొట్టాలి. పెట్టని కొడితే చట్టం ఊరుకోదు, తనూ ఊరుకోడు. పెట్ట లేస్తే చూసినవాడు "పెట్ట" అని కేకెయ్యాలి, అందరూ తుపాకులు దించాలి.

వెండెల్ గార్డన్ ట్రక్కులో చేను దగ్గరికి వచ్చి, దిగి నడిచెళ్ళి వరసలో నిలబడ్డాడు. నారింజ టోపీ సర్దుకున్నాడు. అటు గార్డన్, అతని రెండు కుక్కలు. ఇటు మఫిన్. ఇన్నేళ్ళకి చేను ఈ కొస నుంచి చూస్తుంటే గుండె నిండిపోయింది.

వరస కదిలింది. మఫిన్ ముక్కు నేలకి ఆనించింది, కాస్త అటూ ఇటూ వెతికింది, దేన్నో పట్టింది. పట్టి గిరుక్కున వెనక్కి తిరిగింది. అందరూ ముందుకి పోతుంటే అది ఒక్కటీ గీత గీసినట్టు వెనక్కి పోయింది. "మఫిన్, ఇటు రా. మఫిన్" అంటూ వెండెల్ దాని వెంట పడ్డాడు. ఆ పేరు విని వరసలో నవ్వులు మొదలయ్యాయి. మఫిన్ చేను దాటింది, గట్టు దాటింది, గార్డన్ ట్రక్కు తలుపు ముందు కాలెత్తి కొయ్యబారిపోయింది.

వరస మొత్తం ఆగిపోయింది.

"బావా, నీ కుక్క నా బండిని పట్టేసింది. కాల్చు మరి, ఎగిరిపోతుందేమో" అన్నాడు గార్డన్.

నవ్వనివాడు లేడు. వెండెల్‌కి తల కొట్టేసినట్టయింది. నేల చీలితే అందులోకి దూరిపోదామనిపించింది. కుక్క మీద ఎంత కోపమొచ్చిందంటే, కాసేపు దాని మొహం చూడలేకపోయాడు.

రెండో చేను దగ్గర గార్డన్ గొంతు తగ్గించాడు. "బాధపడకు బావా. ఈసారికి నువ్వు నాన్నతో చివరికి పో. దాన్ని మా దగ్గర వదిలెయ్. నా కుక్కల్ని చూసి నేర్చుకుంటుంది."

ఆ మర్యాద నవ్వుకన్నా ఘోరంగా తగిలింది. కుక్క కూడా నడుస్తుందట, తను మాత్రం నిలబడాలట. తుపాకీ భుజాన వేసుకుని, కాలవ వెంట చుట్టు తిరిగి చేను చివరికి పోయాడు. అక్కడ ఆర్విడ్ కుర్చీలో కూర్చుని ఫ్లాస్కు మూత తీస్తున్నాడు.

"వచ్చావా అల్లుడూ. నీ చోటు ఉంచాను" అన్నాడు ముసలాయన మామూలుగా.

 దూరంగా కేకలు మొదలయ్యాయి. మొక్కజొన్న ఆకులు గలగలమంటున్నాయి. ఇంతలో కాలవ గట్టు మీద ఏదో కదిలింది. చూస్తే మఫిన్. వరసని వదిలేసి, గార్డన్ కుక్కల్ని వదిలేసి, చేను మొత్తం చుట్టి వస్తోంది. ముక్కు నేల మీదే ఉంది. వెండెల్ ఎక్కడ ముళ్ళపొద తప్పుకుని నడిచాడో అదీ అక్కడే తప్పుకుంది. ఎక్కడ కాలు జారి పక్కకి అడుగేశాడో అక్కడ పక్కకి జరిగింది. వచ్చి అతని బూట్ల ముందు ఆగి, కాలెత్తి, తోక బిగించి కొయ్యబారిపోయింది.

అప్పుడే చేలోంచి పుంజులు బర్రుమని లేచాయి. ఆర్విడ్ కూర్చున్నచోటు నుంచే ఒకదాన్ని కొట్టాడు. తుపాకులు మోగుతున్నాయి, గార్డన్ కుక్కలు మాట వినకుండా పక్షుల వెంట పరుగులు తీస్తున్నాయి, గార్డన్ వాటిని బండబూతులు తిడుతున్నాడు. మఫిన్ చెవి కూడా కదిలించలేదు. వణుకుతూ వెండెల్ మొహంలోకి చూస్తోంది. పక్షిని ఎప్పుడు లేపుతావని అడుగుతోంది.

"ఇంటి దగ్గర పావురాల్ని ఎవరు దాచేవాళ్ళు?" అన్నాడు ఆర్విడ్.

"నేనే మామయ్యా. నేనొక్కణ్ణే" అన్నాడు వెండెల్. అంటూనే సిగ్గుతో చచ్చిపోయాడు. ఎండాకాలమంతా తను ముందు నడిచి, దాన్ని వెనక నడిపించాడు. తను నేర్పిందే అది నేర్చుకుంది. నా బూట్లు ఎక్కడికి పోతే అక్కడే పక్షి ఉంటుందని నేర్పి, ఇప్పుడు దాన్ని తిట్టుకుంటున్నాను, నా అంత వెధవ ఎవడుంటాడు అనుకున్నాడు. బ్రిటాని కసిరిన సంగతీ గుర్తొచ్చింది.

అందరూ ట్రక్కుల దగ్గర శాండ్‌విచ్‌లకి చేరారు. వెండెల్‌కి అటు పోబుద్ధి కాలేదు. మఫిన్‌ని పిలుచుకుని చేను పక్కన జమ్ము పెరిగిన పల్లానికి పోయాడు. ఆ రోజు అక్కడ ఎవరూ కాలు పెట్టలేదు. అంచు దాకా వెళ్ళి ఆగిపోయాడు.

"నేను నడవను. నువ్వే నడు" అన్నాడు.

మఫిన్ అతని బూట్లు వాసన చూసింది. మొహంలోకి చూసింది. చుట్టూ తిరిగొచ్చి మళ్ళీ బూట్లే వాసన చూసింది. కూర్చుంది. బిస్కెట్ కోసం అతని జేబుకేసి చూసింది. ఒక్క అడుగు ముందుకేస్తే చాలు, అది కదులుతుంది. కానీ ఆ అడుగే కదా ఇంత పని చేసింది. కాళ్ళు తిమ్మిరెక్కాయి. చలిగాలి మెడలో దూరుతోంది. ట్రక్కుల దగ్గర నవ్వులు వినబడుతున్నాయి, తన మీదే అయ్యుంటాయి.

"ప్రాణం తీస్తున్నావే" అన్నాడు పళ్ళు కొరుకుతూ. కదలకుండా నిలబడ్డాడు.

మఫిన్‌కి విసుగొచ్చి లేచింది. గాలి జమ్ములోంచి మొహాన కొట్టింది. అది తలెత్తింది. పుట్టి ఇన్నాళ్ళకి మొదటిసారి వాసన కోసం ముక్కు నేల మీంచి లేచింది. ఒక్కో అడుగూ అనుమానంగా వేస్తూ జమ్ములోకి పోయింది. మధ్యలో వెనక్కి తిరిగి చూసింది. వెండెల్ ఊపిరి బిగబట్టాడు. ఇంకాస్త పోయి ఆగింది. కాలెత్తింది. తోక బిగిసింది.

వెండెల్ దాని వెనక నడిచాడు. దాని పక్కకొచ్చి జమ్ముని కాలితో కదిపాడు. రెక్కలు టపటపమన్నాయి. తుపాకీ భుజానికెక్కింది. గోధుమరంగు ఒళ్ళు, పొట్టి తోక. తుపాకీ దింపేశాడు.

"పెట్ట" అని కేకేశాడు. అలవాటు కొద్దీ అరిచాడు గానీ, తుపాకీ దించడానికి అక్కడ ఇంకెవరున్నారు?

ఆ కేక విని గార్డన్ శాండ్‌విచ్ నములుతూ గట్టు మీదికొచ్చాడు. "ఏం దొరికింది బావా?"

"పెట్ట."

"అయితే ఏం లేనట్టే."

వెండెల్ మోకాళ్ళ మీద కూర్చుని మఫిన్ మెడ చుట్టూ చెయ్యేశాడు. అది అతని చెవి నాకింది. 

"బావా, తర్వాతి చేలో నేను నడుస్తాను" అన్నాడు.

"మళ్ళీ నా బండి దాకానా?"

"దీని వెనకాల" అన్నాడు వెండెల్. "ఎటు పోతే అటు."

గార్డన్ నమలడం ఆపి కుక్కకేసి చూశాడు. అది తలెత్తి, వెండెల్ని పట్టించుకోకుండా, ఆ పెట్ట ఎగిరిపోయిన వైపే గాలి పీలుస్తోంది.