డబ్బా నింపి ఇస్తానండి

నేను ఒక ఫిల్ము రీలు డబ్బాని. ఒళ్ళు నలుపు, మూత బూడిద రంగు, ఎత్తు బొటనవేలంత. ఈ కాలం పిల్లలకి చూపిస్తే మాత్రల డబ్బా అనుకుంటారు. కెమెరాలో రీలు వేసి, ముప్ఫయ్యారు ఫోటోలు తీసి, అవి కడిగి చేతికొచ్చేదాకా వారం రోజులు ఆగే ఓపిక మనుషులకి ఉన్న రోజుల్లో పుట్టాను. నన్ను పోసిన యంత్రం నాలాంటివాటిని గంటకి వేలల్లో పోసేది కాబట్టి, పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. నాకున్న గొప్పల్లా నా మూతే. అది టప్పున పడిందంటే గాలి దూరదు, తేమ దూరదు, పురుగు దూరదు. మనుషుల మాట కంటే నా మూతే గట్టిదని తెలియడానికి మాత్రం నాకు చాలా ఏళ్ళు పట్టింది.

నన్ను కొన్నది కాకినాడ కోర్టులో గుమాస్తా సాంబమూర్తి. నన్ను అనడం ఎందుకు, ఆయన కొన్నది నా కడుపులోని రీలుని. తల్లి సీతాయమ్మకి ఫోటో తియ్యాలని సరదాపడ్డాడు. ఆవిడ నవ్వకుండా కుర్చీలో కూర్చుంది. రీలు కెమెరాలోకి పోయింది, నేను కిటికీ గట్టు మీద మిగిలాను. పారెయ్యబోతుంటే సీతాయమ్మే ఆపింది. మూత నాలుగుసార్లు తీసి పెట్టి చూసి, "ఇది బానే ఉందిరా" అంది. ఆ నోటి నుంచి అంతకంటే పెద్ద మెప్పు నేను మళ్ళీ వినలేదు.

ఆవిడ కొంగు ముడిలోంచి చిక్కుడు గింజలు తీసింది. నల్లటి గింజ, అంచున తెల్లటి గీత. వాటికి కాసే కాయ పచ్చగా ఉండి, చుట్టూ వంగపువ్వు రంగు అంచు ఉంటుంది. అందుకని వాళ్ళ ఊళ్ళో దాన్ని అంచు చిక్కుడు అనేవారట. జల్లించిన బూడిద చిటికెడు కలిపి, ఆ గింజలు నాలో పోసి మూత పెట్టి, కోడలు మంగతాయారు చేతిలో పెట్టింది.

"ఎవరికిచ్చినా సగం ఉంచుకుని ఇయ్యి. డబ్బా ఎవరిదైనా ఖాళీగా తిరిగియ్యకు" అంది.

ఆ అత్తగారు కోడలి వంటకి వంక పెట్టకుండా లేచిన పూట లేదు. నగలు పెద్దకోడలికి పోయాయి, పట్టుచీరలు కూతురికి పోయాయి. తాయారుకి ఆవిడ తన చేత్తో ఇచ్చింది నన్నొక్కదాన్నే. అయినా చూడండి, ఆవిడ పోయాక పెద్దకోడలు ఆ నగలు కూడా పెట్టుకోనంత భక్తితో తాయారు మాత్రం ఏటా ఆషాఢంలో ఆ గింజ పెట్టేది. ధనుర్మాసం వచ్చేసరికి వాళ్ళ అపార్ట్‌మెంటు డాబా మీద పందిరి నిండా కాయ. మొదట కాసిన మంచి గుత్తులకి గుడ్డపీలికలు కట్టేది. పీలిక కట్టిన కాయ విత్తనానిది, ఎవరూ ముట్టుకోకూడదు, అది తీగ మీదే ఎండాలి. ఎండిన గింజ నాలో పోసి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూసేది. గలగలమంటే మురిసిపోయేది. ఇరవై రెండేళ్ళు అలా గడిచాయి. మధ్యలో సాంబమూర్తి పోయాడు. ఆ ఏడు కూడా తాయారు గింజ పెట్టడం మానలేదు.

నేను ఇరుగుపొరుగు ఇళ్ళకి చాలాసార్లు వెళ్ళొచ్చాను. సగం గింజలతో వెళ్ళేదాన్ని. వచ్చేటప్పుడు నాలో మెంతులో, బంతి గింజలో, తోటకూర విత్తనమో ఉండేది. ఒకావిడ తొందరలో ఏమీ దొరక్క చిటికెడు పంచదార పోసి పంపింది. మర్యాదంటే అదీ అని తాయారు ఆ రోజంతా చెప్పుకుంది. మర్యాద నిలబెట్టినవాళ్ళు మాట కూడా నిలబెడతారని నమ్మే మనిషి.

అలాంటి మనిషికి అపార్ట్‌మెంటువాళ్ళు కబురు పెట్టారు, డాబా కారుతోంది, కుండీలన్నీ దించెయ్యమని. మరమ్మతు ఆరు నెలలన్నారు. రెండేళ్ళు సాగింది. నాలో అరవై పైచిలుకు గింజలు, వెయ్యడానికి చోటు లేదు. రెండేళ్ళు పాతబడ్డ చిక్కుడు గింజ మూడో ఏటికి మొలుస్తుందన్న నమ్మకం లేదు. తాయారు నన్ను రోజూ తీసి, ఆడించి, మళ్ళీ పెట్టేది. అప్పుడు పరిచయమైంది సూర్యకళ.

సూర్యకళ గురించి చెప్పే ముందు తాయారు చేరిన విత్తనాల మార్పిడి బృందం గురించి రెండు ముక్కలు చెప్పాలి. నెలకో ఆదివారం పొద్దున్నే పార్కులో కలుస్తారు. తెచ్చింది పెట్టాలి, కావలసింది తీసుకోవాలి, పండించాక అంతకంతా తెచ్చివ్వాలి. రూలు బంగారంలాంటిది. పాటించేవాళ్ళ సంగతే చెప్పలేం. ఒకాయన రెండు మునగ గింజలు పెట్టి పన్నెండు పొట్లాలు జేబులో వేసుకుంటాడు. ఒకావిడ పసుపు మందారమని ఇచ్చిన కొమ్మకి ఎర్ర మందారం పూస్తుంది, అడిగితే మీ మట్టి తేడా అంటుంది. అడిగి తెచ్చుకున్న మనీప్లాంటు బతకదని, మాట్లాడుతూ మాట్లాడుతూనే పక్కవాళ్ళ కుండీలోంచి తుంపుకునేవాళ్ళు ఇంకొందరు. అందరూ ఎంత మంచివాళ్ళో. చీమని తొక్కమన్నా తొక్కరు.

వాళ్ళందరికీ పెద్దదిక్కు సూర్యకళ. నలభై ఏళ్ళు ఉంటాయి, సొంత మేడ, మేడ నిండా మొక్కలు, ఆ మొక్కల మీద వీడియోలు. చేతికి ఎముక లేని మనిషి. ఎదుటివాళ్ళ సొత్తు విషయంలో మరీను.

తాయారు నన్ను తీసుకుని వాళ్ళింటికే వెళ్ళింది.

"సూర్యకళ గారూ, మా అత్తగారి విత్తనమండి ఇది. నాకు చోటు లేక మీకిస్తున్నాను. ఒక తీగ మాత్రం కొయ్యకుండా వదిలెయ్యండి. కాయ తీగ మీదే ఎండాలి. మళ్ళీ ఇదే డబ్బాలో ఓ ఇరవై గింజలు నాకిస్తే చాలు."

"ఇరవై ఏంటండీ పిన్నిగారూ? డబ్బా నింపి ఇస్తాను" అంది సూర్యకళ.

సగం ఉంచుకోమన్న అత్తగారి మాట తాయారుకి గుర్తుంది. గుమ్మం దగ్గర నా మూత మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగింది కూడా. ఇంట్లో ఉంచుకుని ముసలి గింజలు చేసుకోవడం కంటే అన్నీ మట్టిలో పడితేనే మేలనుకుంది. పైగా ఇచ్చిన డబ్బాలోంచి సగం వెనక్కి తీసుకోవడం ఏం బాగుంటుందని మొహమాటపడింది. నాకు నోరుంటే ఆ రోజు అరిచేదాన్ని.

ఆ నెల పార్కుకి తాయారు మోకాలి నొప్పితో వెళ్ళలేదు. నేను వెళ్ళాను. సూర్యకళ నా మూత తీసి, "ఇది ఎక్కడా దొరకని అంచు చిక్కుడండీ. మన బృందంలో అందరి మేడల మీదా పాకాలని నా కోరిక" అని, వరసగా నిలబడ్డవాళ్ళందరికీ మూడేసి గింజలు పంచింది. చప్పట్లు కొట్టారు. ఇరవై మంది పట్టుకుపోయాక నాలో ఆరు గింజలు మిగిలాయి. పంచింది ఎవరి గింజలో ఎవరూ అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

న్యాయం చెప్పాలంటే, ఆ ఆరూ ఆవిడ శ్రద్ధగానే పెట్టింది. నాలుగు మొలిచాయి. మొదటి గుత్తులకి ఎర్ర గుడ్డపీలిక కూడా కట్టింది. నేను మేడ మీద పనిముట్ల అరలో ఉండి కళ్ళారా చూశాను. తాయారు ఫోను చేసి తీగ వదిలారా అని అడిగితే, "అదిగోనండి, పీలిక కట్టి మరీ ఉంచాను" అంది. అబద్ధం కాదు. ఆ రోజుకి నిజమే.

పుష్యమాసంలో ఒక ఆదివారం సూర్యకళ ఆడపడుచు పిల్లలతో సహా భోజనానికి వస్తున్నామని పొద్దున్న పదింటికి ఫోను చేసింది. కూర సరిపోదు. సూర్యకళ గిన్నె తీసుకుని మేడ ఎక్కి అందినవన్నీ కోసింది. ఇంకో గుప్పెడు తగ్గాయి. ఎర్ర పీలిక దగ్గరికొచ్చింది. వెనకే నీళ్ళు పోస్తున్న ఆవిడ మొగుడు చలపతి అన్నాడు:

"అవి కొయ్యకూడదన్నావు కదే?"

"ఇరవైమందికి ఇచ్చానండీ. ఎవరో ఒకళ్ళు ఉంచే ఉంటారు లెండి."

పీలిక విప్పి, మళ్ళీ పనికొస్తుందని మడిచి నా పక్కనే పెట్టింది. కూర అద్భుతంగా కుదిరిందని కింద నుంచి మాటలు వినిపించాయి. లేత చిక్కుడు, అల్లం, పచ్చిమిర్చి, ఎందుకు కుదరదు? తర్వాత పూసిన పూతకి పేను పట్టింది. తీగలు పీకేసింది.

ఫాల్గుణంలో తాయారు వాళ్ళ డాబా బాగైంది. కుండీలు పైకి చేరాయి. ఆవిడ మట్టి మార్చి, పేడ ఎరువు కలిపి, పందిరికి కొత్త తాళ్ళు కట్టి సిద్ధంగా కూర్చుంది. కావలసింది ఇరవై గింజలు. నెల చూసింది, రెండు నెలలు చూసింది. ఇచ్చిన విత్తనం తిరిగి ఇమ్మని అడగడానికి నోరు రాలేదు. చివరికి ధైర్యం కూడగట్టుకుని ఫోను చేసి ఏమందో తెలుసా?

"మా డబ్బా మీ దగ్గర ఉండిపోయినట్టుందండీ."

అదీ మా తాయారు. గింజలు అనలేక డబ్బా అంది. ఆవిడ లెక్కలో డబ్బా అడిగితే గింజలు అడిగినట్టే. సూర్యకళ లెక్కలో డబ్బా అడిగితే డబ్బా అడిగినట్టు. అరలోంచి నన్ను తీసి దులిపింది. ఖాళీగా ఇవ్వకూడదన్న మర్యాద ఆవిడకీ తెలుసు, గోదావరి నీళ్ళు తాగిన మనిషే కదా. బజారు నుంచి తెప్పించిన విత్తనాల పొట్లం చింపి నాలో అంచుదాకా పోసింది.

మర్నాడు స్వయంగా తాయారు ఇంటికి తెచ్చింది. "డబ్బా నింపి ఇస్తానన్నాను కదా పిన్నిగారూ" అంది.

తాయారు నన్ను రెండు చేతుల్తో అందుకుంది. వచ్చిన మనిషి ఎదురుగా మూత తియ్యడం మర్యాద కాదని నన్ను దేవుడి గూట్లో పెట్టి, కాఫీ ఇచ్చి, జాకెట్టు ముక్క పెట్టి, గుమ్మందాకా వెళ్ళి సాగనంపింది. తలుపు వేసి వచ్చి నన్ను చెవి దగ్గర ఆడించింది. నిండుగా ఉన్నాను కనక చప్పుడు కాలేదు. నవ్వుకుంటూ మూత తీసింది.

గులాబీ రంగు గింజలు. పురుగు పట్టకుండా కంపెనీవాళ్ళు మందు రంగు పూసినవి. పొట్టి చిక్కుడు, పందిరి కూడా అక్కర్లేదు. తాయారు వేళ్ళకి ఆ రంగు అంటుకుంది.

ఆవిడ చెయ్యి కొంగుకి తుడుచుకుంది. ఆ గింజ ఎవరి దగ్గరైనా మిగిలిందేమోనని బృందంలో ఒక్కొక్కళ్ళకీ ఫోను చేసింది. అప్పుడు గానీ తన గింజలు ఎన్ని ఇళ్ళకి వెళ్ళాయో ఆవిడకి తెలియలేదు. కొందరికి మొలవలేదు. మొలిచినవాళ్ళంతా తినేశారు. ఒక్కొక్కళ్ళూ ఎంత రుచో చెప్పారు. విత్తనం ఉంచారా అంటే అందరిదీ ఒకటే మాట, "ఇంకెవరైనా ఉంచే ఉంటారండీ." ఇరవయ్యో ఆవిడ మాత్రం, "అదేంటండీ, మీ దగ్గర లేవా?" అంది.

తాయారు ఏడ్చింది. మొగుడు పోయినప్పుడు పదిమందిలో ఏడ్చిన మనిషి, గింజలకి ఏడవడం ఎవరైనా చూస్తే నవ్విపోతారని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "సగం ఉంచుకోమన్నారు అత్తయ్యగారూ. ఉంచుకోలేదు" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత జరిగినా సూర్యకళని ఒక్క మాట అనలేదు. ఏమని అంటుంది? డబ్బా నిండుగానే వచ్చింది కదా.

ఆషాఢం వచ్చింది. పందిరి తాళ్ళు ఖాళీగా గాలికి ఊగుతున్నాయి. ఒక పొద్దున్న ఫోను మోగింది.

"పిన్నిగారూ, పోయినేడు మీ అంచు చిక్కుడు ఎంత బాగా కాసిందనుకున్నారు! ఓ పది గింజలు ఇద్దురూ. మీ దగ్గర ఎలాగూ ఉంటాయి కదా. మా ఆయన అటే వస్తున్నారు."

తాయారు నన్ను చేతిలోకి తీసుకుంది. తర్వాత, "పంపిస్తానండి" అంది.

నన్ను సబ్బుతో నాలుగుసార్లు కడిగింది. అడుగున గులాబీ రంగు మచ్చ పోలేదు. తుడిచి, ఎండలో ఆరబెట్టి, నాలో ఏమీ వెయ్యకుండా మూత పెట్టింది. చలపతి వచ్చి చెయ్యి చాపితే ఆ చేతిలో పెట్టి, "జాగ్రత్తగా ఇవ్వండి బాబూ" అంది. అత్తగారి చేతి నుంచి వచ్చాక నేను ఖాళీగా ఒక గుమ్మం దాటడం అదే మొదలు. ఆ మనిషి జన్మలో ఎవరినైనా తిట్టిందంటే, ఆ ఒక్కసారే.

సూర్యకళ నన్ను ఆడించింది. మూత తీసి అరచేతిలో బోర్లించింది.

"అయ్యో పాపం, గింజలు వెయ్యడమే మర్చిపోయారండీ. వయసు మీద పడుతోంది పిన్నిగారికి" అంది, నిజంగానే జాలిపడుతూ.

చలపతి నన్ను తీసుకుని లోపలికి చూశాడు, అడుగున గులాబీ మచ్చ చూశాడు. మూత పెట్టి ఆవిడ చేతికిచ్చి, నీళ్ళు పొయ్యడానికి మేడ మీదికి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నేను సూర్యకళ అద్దం ముందు ఉంటున్నాను. నాలో పిన్నీసులు వేసుకుంది. గింజల సంగతి గుర్తుచేద్దామని ఆవిడ రెండుసార్లు ఫోను చేతిలోకి తీసుకుంది. పెద్దావిడ, మతిమరుపు బయటపడితే చిన్నబుచ్చుకుంటుంది, మళ్ళీ అడగడం మర్యాద కాదని పెట్టేసింది.