లప్పం కింద

జనగామలో సమితి మీటింగుకు రైల్లో వెళ్లిన విద్యాసాగర్ రేపు సాయంత్రం తిరిగి వస్తాడు. ఆలోగా అంబాసిడర్ ఎడమ తలుపు మీది సొట్ట మాయం కావాలి. లేకపోతే మనోరమ చేతికి తాళంచెవి మళ్లీ రాదు. భార్యకు కారు నేర్పినన్నాళ్లూ ఆయనది ఒకటే పాట: "అరవై తొమ్మిది తెలంగాణ లొల్లప్పుడు కొన్న. గప్పటిసంది నా కారుకు గీత పడలే."

పొద్దున కేసముద్రం మార్కెట్లో ఆమె కారు తిప్పుతుంటే పత్తి బండి ఇరుసు తగిలింది, అంతే. మానుకోట దాకా దారిన పోయే ప్రతివాడూ ఆ తలుపునే చూస్తున్నాడనిపించింది. చివరికి మేకలు కూడా.

మానుకోట షెడ్డులో కార్లకు రంగులేసే సాంసన్ తెల్లరంగు డబ్బాలు మూతలు తీసి పెట్టాడు.

"గీ మీగడ రంగుది. ఎండకు మన కారు గిట్లనే మాగింది," అంది మనోరమ.

"మీ కన్ను మంచిదమ్మా. ఉత్త రంగు కొడ్త. లప్పం వద్దు."

"సొట్ట నింపకుండ రంగేంది? సొట్ట ఇంక ఎక్కువ కనపడతది."

"లప్పం పెట్టాలంటె పాతది గీకాలె గద..."

"గీకు మరి. నీకు బద్ధకమా?"

సాంసన్‌కు ఉన్నట్టుండి పక్కనున్న లారీ మీద ప్రేమ పుట్టింది. అటు వెళ్లి దాని మడ్‌గార్డు తుడవసాగాడు.

కుండ కొనేటప్పటి అలవాటుతో మనోరమ వేలి కణుపుతో కుడి తలుపు మీద కొట్టింది. ఖంగుమంది. ఎడమ తలుపు మీద కొట్టింది. పచ్చికుండలా మొద్దుగా పలికింది.

"సాంసన్! దీని లోపల ఏమున్నది?"

"లప్పమే, అమ్మా. నేనే పెట్టిన. మీకు చెప్పొద్దన్నడు పటేలు."

"దేనికి గుద్దిండు?"

"మీ ఇంటి గేటుకే."

ఆ గేటు వంగిన రోజు ఆమెకు గుర్తుంది. బర్రె గుద్దిందన్నాడు విద్యాసాగర్. ఆ బర్రెను అమ్మేశారు కూడా.

ఆమె నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. గీత పడలేదన్న మాట ఆయన రోజూ చెప్పింది తనకు కాదు, తలుపుకే అనిపించింది. పొద్దున్నుంచీ ఒక్కతే మోసిన భయంలో సగం బరువు జనగామలో కూర్చుని ఉంది.

"మొత్తం గీకు, సాంసన్. రేకు కనపడాలె."

"రంగో?"

"పటేలు వచ్చినంక ఇద్దరం చూస్తం."

మర్నాడు స్టేషన్ బయట విద్యాసాగర్ ఆ తలుపు ముందు ఆగిపోయాడు. పెద్ద సొట్ట, దాని అంచున చిన్న సొట్ట.

"చిన్నది నాది, పత్తి బండి తాకింది," అంది మనోరమ. "పెద్దది బర్రెదేనా?"

ఆయన దగ్గాడు. డ్రైవరు సీటు వైపు చూశాడు. ఆ ఎడమ తలుపే తీసుకుని ఎక్కి కూర్చున్నాడు.

"జర చూసి నడుపు," అన్నాడు. "గేటు కాడ ఇరుకుంటది."