పక్కన నిలబడే మనిషి

తెల్లవారగానే ఆ ఇంటి మేడమీద గదిలో ఇస్త్రీ పని మొదలయ్యేది. హోటలు దుప్పట్లు ఒక పక్క, ఆసుపత్రి కోట్లు ఇంకో పక్క. చిన్నకోడలు నీళ్లు చిలకరిస్తూ దేవుడి పాట పాడుకునేది. పాట పై స్థాయికి వెళ్లేసరికి ఆనందం పట్టలేక తనలోంచి బయటికొచ్చి, కిటికీ దగ్గర వీధివైపు తిరిగి నిలబడేది. ఒళ్లు మాత్రం బల్ల దగ్గరే ఉండి, చేతిలో ఏ పని ఉంటే ఆ పని చేస్తుండేది. బట్టలు తెచ్చేవాళ్లు ఇద్దరినీ తప్పుకుని మూటలు దించి వెళ్లేవాళ్లు.

దాన్ని ఇంగ్లీషులో ఎక్‌స్టసీ అంటారని మొగుడు ఎక్కడో విన్నాడు. ఆ మాటకి డాక్టరు జబ్బని అర్థం చెప్పాడు. ఎదురింటి కానిస్టేబులు మత్తుబిళ్ల పేరది అని, నాలుక చూపించమన్నాడు. ప్రార్థన మందిరం పెద్దాయన భగవంతుడి కటాక్షం అన్నాడు. నీకెలా ఉంటుందమ్మా అని ఆ పిల్లని అడిగినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

అత్తగారు అర్థాల జోలికి పోలేదు. ఆ ఒంటికి అలుపు లేదు, ఆకలి లేదు, ఎదురు చెప్పడం లేదు. ఆవిడకి అదే చాలు. పాట అందుకునేలోగా కోడలి చేతికి బరువైన ఇస్త్రీపెట్టె అందించేది. పిల్ల తిరిగి తనలోకి వచ్చేసరికి భుజాలు పీకేసేవి, వేళ్లు బొబ్బలెక్కేవి.

"అంత సంతోషం ఊరికే వస్తుందేంటి?" అనేది అత్తగారు.

ఒకరోజు పుట్టింటికి వచ్చిన ఆడపడుచు చూస్తుండగానే పెట్టె ఆ ఒంటి ఎడమచేతి మీంచి పోయింది. చర్మం కమిలింది. కుడిచెయ్యి ఆగలేదు.

"అమ్మా! చెయ్యి కాలుతుంటే చూస్తూ కూర్చున్నావా?"

"అరవకే. నొప్పి తెలియడానికి లోపల ఎవరున్నారు గనక?"

"సాయంత్రం లోపలికొచ్చి ఆ నొప్పి పడేది ఎవరు? నువ్వా?"

"ఇంకా బోలెడు దుప్పట్లున్నాయి. దాన్ని కదిలించావో, చూడు!"

ఆడపడుచుకి ఒళ్లు మండిపోయింది. ప్లగ్గు పీకి పారేసి కిటికీ దగ్గరికి నడిచింది.

"వదినా, వీధి తర్వాత చూద్దువుగాని. ఒక్కసారి ఇటు తిరుగు."

తిరిగింది. కమిలిన చెయ్యి చూసింది. ఆ చేత్తోనే దుప్పటి అంచు సవరించుకుంటున్న తనని చూసింది. ముఖంలో వెలుగు పోలేదు గానీ ఎర్రబడింది.

"ఒక్కసారైనా ఆపాలనిపించలేదా అత్తయ్యా?"

"మాటలు చాలు. లోపలికెళ్లి పని చూసుకో."

"వెళ్లను."

చిన్నకోడలు బల్ల దగ్గరికొచ్చి, తన ఒంటి కుడిచేతిలోంచి పెట్టె విడిపించి పక్కన పెట్టింది. తప్పిపోయి దొరికిన చెల్లెల్ని పట్టుకున్నట్టు ఆ కుడిచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ గుమ్మం దాటి మెట్లు దిగుతుంటే మొగుడు అడ్డం వచ్చాడు. ఒకేలా ఉన్న ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. చెరో పక్కనుంచి అతన్ని దాటి, వీధిలో మళ్లీ చేతులు కలుపుకున్నారు.

"పనిచేసేదాన్నైనా పట్టుకోరా!" పైనుంచి కేకేసింది తల్లి.

అదెవరో వాడికేం తెలుసు? పెళ్లయినప్పటినుంచీ ఆ గదిలోకి ఒక్కనాడైనా తొంగి చూశాడా?