అడిగినవాళ్లదే సోషల్ పీరియడ్

స్టాఫ్‌రూములో ఆమె ప్రపంచపటం దుమ్ము దులుపుతోంది. మడతల దగ్గర గుడ్డ చీలి, కింది కర్ర ఒకవైపు ఊడి వేలాడుతోంది. తడిగుడ్డతో ఒక్కో దేశాన్నీ సుతారంగా తుడిచి, మళ్లీ మేకుకు తగిలించింది. వంగి లేచేసరికి మోకాలు కలుక్కుమంది. రేపటినుంచి పిల్లలకు పరీక్షలు, ఆమెకు పదవీ విరమణ.

బడిలో అందరికీ ఆమె సోషల్ టీచరు. చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం నాలుగూ ఆమె నెత్తినే ఉన్నాయి. పేరుకు నాలుగు, విలువకు ఒకటి కూడా కాదు! పరీక్షలు దగ్గరపడితే చాలు, లెక్కల మాస్టారు గుమ్మంలో ప్రత్యక్షం. "టీచర్ గారూ, మీ పీరియడ్ కాస్త..." అని ఆయన నసిగేలోపే, "తీసుకోండి మాస్టారూ" అనేసేది. సైన్సు టీచరు, ఆటల మాస్టారు, ఆఖరికి గ్రూపు ఫొటో తీసేవాడు కూడా ఆ పీరియడే అడిగేవాడు. అడిగినవాళ్లకు లేదనడం ఆమెకు పుట్టుకతోనే రాలేదు మరి. అర్థశాస్త్రంలో పైచదువుకు సీటొచ్చినప్పుడు అన్నయ్య, "ఆడపిల్లకి టీచరు ట్రైనింగ్ చాలదటే?" అన్నాడు. "సరే అన్నయ్యా" అంది. ఆ సీటు ఇంకెవరికో పోయింది.

అలా ఇచ్చీ ఇచ్చీ, ఏ ఏడూ పుస్తకంలో చివరి పాఠం దాకా రాలేకపోయింది. అది పన్నుల పాఠం. జనం కట్టిన సొమ్ము ఎటు పోతుందో, దాని లెక్క ఎవరు అడగాలో, ఎలా అడగాలో చెప్పే పాఠం. ఆమెకు ప్రాణం. ఒక్కసారైనా దాన్ని పిల్లలకు చెప్పకుండా ఈ గుమ్మం దాటకూడదనుకుంది. పొద్దున అద్దం ముందు నిలబడి మొత్తం చెప్పుకుంది కూడా. భర్త పేపరులోంచి తలెత్తకుండానే, "ఎవరితోనే ఆ మాటలు?" అని అడిగాడు. "పిల్లలతో" అంది.

ఆఖరి పీరియడ్ గంట కొట్టారు. తరగతి గుమ్మంలో లెక్కల మాస్టారు కాచుకుని ఉన్నాడు.

"టీచర్ గారూ, ఈ ఒక్కరోజూ..."

"ఇవాళ ఇవ్వను మాస్టారూ."

"అయ్యో, ఊరికే అడుగుతున్నానా! సగంమందికి త్రికోణమితి అయోమయంగా ఉందండీ."

"ఇవ్వనంటే ఇవ్వను." గొంతు కీచుమంది. ఆయన నోరు వెళ్లబెట్టి పక్కకు తప్పుకున్నాడు. ఆమెకు లోపల భలే సంతోషమేసింది.

బోర్డు మీద పాఠం పేరు సగం రాసిందో లేదో, వెనకనుంచి క్లాస్ లీడరు లేచాడు.

"ఏమనుకోకండి టీచర్. మ్యాథ్స్ సార్‌ని పిలుద్దామా? బోలెడు డౌట్లున్నాయి. సోషల్‌దేముంది, ఇంట్లో చదువుకుంటే వచ్చేస్తుంది."

కూర్చోమని కసరచ్చు. కానీ నలుగురికీ సంబంధించిన నిర్ణయం నలుగుర్నీ అడిగే తీసుకోవాలని ఏడాది పొడుగునా చెప్పింది తనే కదా!

"సరే. లెక్కలు కావాలన్నవాళ్లు చేతులెత్తండి."

లెక్కపెట్టే పనే లేకపోయింది.

"సోషల్?"

మూడో బెంచీలో ఒకమ్మాయి చెయ్యెత్తింది. అటూ ఇటూ చూసి, జడ సర్దుకుంటున్నట్టు మెల్లగా దించేసింది.

పిల్లల మీద ఆమెకు కోపం రాలేదు. తన మీదే వచ్చింది. వీళ్ల కళ్లముందే ఎన్నిసార్లు తీసుకోండి, తీసుకోండి అంది! ఈ చదువు ఎవరికి పడితే వాళ్లకు ఇచ్చేయొచ్చని వీళ్లకు నేర్పింది లెక్కల మాస్టారా? కాదు, తనే. ఈ 'ఇవ్వను' అనే మాటేదో పదేళ్ల కిందట అని ఉంటే ఏం పోయేది? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

"వెళ్లి పిలుచుకురండి" అంది.

ఆమె వరండా సగం దాటిందో లేదో, మూడో బెంచీ అమ్మాయి పరుగున వచ్చింది. ఆమె గుండె ఒక్కసారి పొంగింది.

"టీచర్, టీచర్! ఇందాకటి పాఠం పరీక్షలో వస్తుందా?"

వస్తుందంటే కనీసం ఈ పిల్లయినా చదువుతుంది. కానీ పేపరు తయారుచేసింది ఆమే. చెప్పని పాఠంలోంచి ప్రశ్న ఇవ్వడం అన్యాయమని అప్పుడే వదిలేసింది.

"రాదమ్మా."

"హమ్మయ్య! బతికించారు టీచర్" అని ఆ పిల్ల గుండె మీద చెయ్యేసుకుని, వచ్చినంత వేగంగానూ వెనక్కి పరిగెత్తింది.

గేటు దగ్గర వాచ్‌మన్ స్టూలు మీంచి లేచాడు. "వెళ్లొస్తారా టీచరమ్మా?"

వెళ్లొస్తానని అనబోయింది. మళ్లీ ఎక్కడికి రావాలి?

"వెళ్తానయ్యా" అంది.

తరగతిలో లెక్కల మాస్టారు తొందరలో బోర్డు కిందిభాగం మాత్రమే తుడిచి, త్రిభుజం గీసి, గబగబా కోణాలు చెబుతున్నాడు. పిల్లలంతా తలలొంచి నోట్సులోకి ఎక్కించుకుంటున్నారు. త్రిభుజానికి పైన, గుండ్రటి దస్తూరీలో సుద్దతో రాసిన మూడు మాటలు అలాగే ఉన్నాయి: 'మన పన్నులు ఎక్కడికి'.