ఆరు కిలోల వంజరం

చేపలు వండిన ఆదివారం సంతోషి అందరికంటే ఆఖరున తింటుంది. వండినవాళ్లు ఆఖరున తినడం ఏ ఇంట్లో లేదు, అందులో వింతేముంది అంటారా? వింత ఉంది. ఆమె ముందు మొగుడి కంచంలో ముల్లు తీసిపెట్టాలి. జీవన్‌కి నలభై మూడేళ్లు. నాచారంలో మిషన్ల విడిభాగాలు చేసే కంపెనీలో సూపర్‌వైజరు. వెంట్రుకవాసి తేడా వచ్చినా పట్టుకుని వర్కర్లను నిలబెట్టి కడిగేసే మనిషికి చేపముక్కలో ముల్లు మాత్రం కనపడదు. ఏడేళ్లప్పుడు గొంతులో ముల్లు ఇరుక్కుంటే దవాఖానకు ఎత్తుకుపోయారట. "మావోనికి ముల్లు దీసుకునుడు రాదు బిడ్డా, జర నువ్వే సూస్కో" అని పెళ్లయిన మూడో వారమే అత్త లక్ష్మీనర్సమ్మ కంచం తెచ్చి చేతిలో పెట్టింది. కొత్త మురిపెం కదా, అప్పుడు ఇష్టంగానే తీసింది. ఆ తీయడం పదిహేడేళ్లుగా తీస్తూనే ఉంది. బొచ్చె ముక్కలో సన్నసన్న ముళ్లన్నీ ఏరి కంచం అందించేసరికి తన అన్నం చల్లారిపోయేది. కూరగిన్నెలో తోక ముక్క మిగిలేది.

ఆయనే ఎందుకు తీసుకోడు అంటే, చెయ్యి ఖాళీ లేదు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో రిమోటు. సిలిండర్ లోపల పెట్టమంటే చెయ్యి ఖాళీ లేదు. ఆరేసిన బట్టలు తెమ్మంటే చెయ్యి ఖాళీ లేదు. ఆ మాట ఆయనకు ఊతపదం. మరి సంతోషి? మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో ఎనిమిది గంటలు నిలబడి, ఒక్కో మాత్రల స్ట్రిప్పునూ వేళ్లతో తడిమి చూసి, బస్సులో నిలబడే ఇంటికొచ్చి, చెప్పులు విడిచిన కాళ్లతో నేరుగా పొయ్యి దగ్గరికి పోయే ఆమె ఆ మాట ఒక్కనాడూ అనలేదు. ఓర్పు అనుకునేరు, ఓర్పూ లేదు పాడూ లేదు. అలా అనొచ్చన్న సంగతే ఆమెకు తట్టలేదు.

మొన్న దసరా సెలవుల్లో విశాఖపట్నం పోయారు. జీవన్, సంతోషి, అత్త, పదో తరగతికి వచ్చిన కూతురు ఆశ. టూరంటే ఏముంది, ఇంటి పనినే ఇంకో ఊరికి మోసుకుపోవడం. హోటల్ గదిలో కూడా పొద్దున్నే కిందికి దిగి అత్తకు ఛాయ్ తేవడం, ఇసుక పట్టిన ప్యాంట్లు జాడించి బాల్కనీలో ఆరేయడం ఆమె వంతే. జీవన్ మాత్రం నెల ముందే నడిసముద్రంలో చేపల వేటకు పడవలో రెండు సీట్లు చెప్పి పెట్టుకున్నాడు, తనకొకటి, చెల్లెలి మొగుడు రంజిత్‌కొకటి. ఉప్పల్‌లో ఉండే ఆ రంజిత్‌కు ఆఖరు నిమిషంలో సెలవు దొరకలేదు. వేటకు పోయే ముందు రోజు సాయంత్రం, ఒక సీటు వేస్టయిపోతోందని జీవన్ తెగ బాధపడుతుంటే, బట్టలు మడతపెడుతున్న సంతోషి తలెత్తి, నేనొస్తా అంది.

జీవన్ పడీ పడీ నవ్వాడు. "నువ్వా? సముద్రమంటే మన ఉప్పల్ నల్లచెరువు అనుకున్నవా? పొద్దుగాల అమ్మకు టిఫిను ఎవరు దెస్తరు?"

"నేను దెస్త నానమ్మకు," అంది ఆశ, ఫోన్లోంచి తల ఎత్తకుండానే. "అమ్మను తోల్కపో."

అలా ఖాయమైంది. తెల్లవారుజామున బయల్దేరే ముందు సంతోషి వాంతులు రాకుండా ఉండే మాత్ర ఒకటి మొగుడి చేతిలో పెట్టింది. పదకొండేళ్లు మాత్రల మధ్యే బతికిన మనిషి, ఏది ఎందుకో ఆమెకు తెలియదా. ఆయన మాత్రను బల్ల మీద పడేసి, ఆడోళ్లు మింగేటియి నాకెందుకు అన్నాడు. ఆమె తనది తాను మింగింది.

పడవ నడిపే త్రిమూర్తులుకు అరవై దాటి ఉంటాయి. రెండు గంటలు పోయాక వెనక్కి తిరిగి చూస్తే ఊరు లేదు, కొండ లేదు. ఫోన్‌లో సిగ్నల్ కూడా లేదు. ఇక్కడ తనను ఎవరూ పిలవలేరు అని సంతోషికి మెల్లగా అర్థమైంది. ఉప్పు అయిపోయిందని గానీ, మోటార్ వేయమని గానీ, ఒక్క ప్రాణి కూడా అడగదు. ఇంత సుఖం ఉంటుందా లోకంలో అని ఆమెకు నిజంగా ఆశ్చర్యమేసింది.

త్రిమూర్తులు పడవ వేగం తగ్గించి, గాలం దారం వెనక్కి వదిలి, దాన్ని వేళ్ల మధ్య ఎలా పట్టుకోవాలో ఇద్దరికీ చూపించాడు. అప్పటికే జీవన్ మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. దారం అందుకోకుండానే పోయి పడవ అంచు పట్టుకుని వంగాడు. పొద్దున తిన్నవి, రాత్రి తిన్నవి అన్నీ సముద్రంలో కలిశాయి. దారం సంతోషి చేతికొచ్చింది.

ఎంతసేపు పట్టుకుందో తెలియదు. స్ట్రిప్పులో ఒక మాత్ర విరిగి ఉంటే చూడకుండానే ఆమె వేలికి తెలిసిపోతుంది. అలాగే తెలిసింది. ముందు చిన్నగా ఒక అదురు. వెంటనే దారం గుంజుకుపోయింది. సరిగ్గా అప్పుడే వెనకనుంచి జీవన్ గొంతు. "సంతోషీ… నీళ్లియ్యి. జర తల వట్టుకో."

చూడండి అలవాటు ఎంత పని చేస్తుందో. ఆమె కాళ్లు అటే తిరిగాయి. చేతిలో దారం వదులైంది కూడా.

"వదలకండమ్మా!" అన్నాడు త్రిమూర్తులు. "కోనెం పడింది. ఇప్పుడు వదిలితే ఇంక రాదు."

సంతోషి ఆగింది. మొగుడిని చూసింది. పడిపోయేలా లేడు, గట్టిగానే పట్టుకుని ఉన్నాడు. నీళ్ల సీసా ఆయన కాలి పక్కనే ఉంది, వంగితే అందుతుంది. ఇన్నేళ్లలో ఆయన పక్కనే ఉండి అందని వస్తువులు ఎన్నో! ఆమె గాలం వైపు తిరిగి నిలబడి, రెండు కాళ్లూ ఎడం చేసి, దారాన్ని గట్టిగా బిగించింది.

"ఆడనే ఉన్నయి నీళ్లు. నా చెయ్యి ఖాళీ లేదు."

అన్నది తానేనా అని ఆమెకే ఒక్క క్షణం అనుమానం వచ్చింది. ఇంక ఆలోచించే తీరిక దొరకలేదు. చేప గుంజితే వదలాలి, అలిసిపోతే లాగాలి. త్రిమూర్తులు చెబుతున్నాడు, ఆమె చేస్తోంది. చూపుడు వేలు కోసుకుపోయింది, ఉప్పునీళ్లకు భగ్గున మండింది. చివరికి నీళ్లలో తళుక్కున వెండి రంగు మెరిసింది. ముసలాయన కొక్కెం కర్రతో లేపి పడవలో వేశాడు. వంజరం. వాళ్లు కోనెం అంటారు. ఆరు కిలోల పైనే ఉంది. "మొదటిసారా? నమ్మబుద్ధి కావట్లేదమ్మా," అన్నాడాయన. సంతోషికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పెళ్లిలో కూడా ఆమెకు ఇంత సంతోషం కలగలేదు. నిజం నిజమే, దాచిపెట్టడం ఎందుకు?

ఒడ్డుకొచ్చి ఒక కొబ్బరిబోండాం తాగగానే జీవన్‌కు ప్రాణం లేచొచ్చింది. చేపను రెండు చేతులా ఎత్తుకుని, ఫోను ఆమెకిచ్చి, జల్ది తియ్యి అన్నాడు. వేలికి గుడ్డ చుట్టుకునే ఆమె ఫోటో తీసింది. ఐదు నిమిషాల్లో అది చుట్టాల గ్రూపులోకి పోయింది. 'బావ అంటే బావే' అని రంజిత్, 'మా అన్న పులి' అని చెల్లెలు సాయి ప్రియ. ఫోటోనే కదా, పోనీలే అనుకుంది సంతోషి. అక్కడితో అయిపోతుందనుకుంది.

అయిపోలేదు. చేప ఐసు డబ్బాలో రైలెక్కి నాచారం వచ్చింది. ఆదివారం ఉప్పల్ నుంచి రంజిత్, సాయి ప్రియ భోజనానికి వచ్చారు. కడిగింది, కోసింది, కారం పట్టించింది, వేయించింది సంతోషి. పులుసు దించుతుంటే ముందు గదిలోంచి జీవన్ మాటలు వినబడ్డాయి. చేప ఎలా గుంజిందో, తను ఎలా నిలబడ్డాడో చెబుతున్నాడు. ఆమె పెదవి బిగించి వింది. తర్వాతి మాటకు గరిటె పట్టిన చెయ్యి ఆగిపోయింది.

"పాపం ఈమెకైతే ఒక్కటే కక్కుడు బావా. ఒక చేత్తోని దీని తల వట్టుకున్న, ఇంకో చేత్తోని గాలం వట్టుకున్న."

అదృష్టవంతురాలు వదిన అంది సాయి ప్రియ. తలుపు సందులోంచి సంతోషికి ఆశ మొహం కనపడింది. పిల్ల తండ్రిని నమ్ముతూ వింటోంది. తల్లి వేలికున్న గుడ్డను రోజూ చూస్తూ కూడా నమ్ముతోంది. చేప పోతే పోయింది, కూతురు కూడా ఈ అబద్ధమే మింగి పెరగాలా?

ఆమె పులుసు గిన్నె తెచ్చి నడుమ పెట్టింది. అందరికీ వడ్డించింది. తర్వాత ఇంకో కంచం తెచ్చుకుని, వేడి వేడి అన్నం పెట్టుకుని, నడిమి ముక్క ఒకటి, తలకాయ ఒకటి వేసుకుని వాళ్ల మధ్యనే కూర్చుంది. లక్ష్మీనర్సమ్మ వింతగా చూసింది.

"కక్కింది నువ్వు," అంది సంతోషి, ముద్ద కలుపుతూ. గొంతు పెంచలేదు. "గాలం వట్టింది నేను. నీ తల ఎవ్వరు వట్టుకోలే."

ఆమె చూపుడు వేలు పైకెత్తింది. గుడ్డ విప్పేసి ఉంది. వేలికి అడ్డంగా ఎర్రటి గీత. అందరూ జీవన్ చేతుల వైపు చూశారు. రంజిత్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఇద్దరం గల్సే వట్టినం లే అని జీవన్ గొణిగాడు. ఆ గొణుగుడును ఎవరూ పట్టించుకోలేదు. ఏదో ఒకటి చెయ్యాలి కదా, అలవాటుగా కంచం ఆమె ముందుకు జరిపాడు. "సర్లే, ముల్లు దియ్యి."

వంజరానికి నడిమిట్ల ఒక్కటే ముల్లు. రెండేళ్ల పిల్లలు కూడా తింటారు.

"నా చెయ్యి ఖాళీ లేదు," అంది సంతోషి.

కంచం అక్కడే ఉండిపోయింది. కొడుకు ఆకలిని లక్ష్మీనర్సమ్మ తట్టుకోలేదు. ఆమె మనవరాలి వైపు తిరిగింది. "ఆశా, నువ్వన్న దియ్యవే మీ నాయినకు."

ఆశ తింటున్న ముద్ద వదిలి, చెయ్యి చాపబోయింది. సంతోషి ఎడమ చేత్తో ఆ చేతిని పట్టుకుని, మెల్లగా మళ్లీ పిల్ల కంచంలోనే పెట్టింది.

"దాని చెయ్యి గూడ ఖాళీ లేదు అత్తమ్మా."