మూడోవాడి సంచి

నాలుగో పసుపు బస్తా భుజం మీద కుదురుకునేదాకా రాజన్న ఊపిరి బిగబట్టే ఉన్నాడు. కుదిరాక ఇనుప కొక్కెం నడుముకు చెక్కుకుని, బేగంబజార్ సందులో రెండు తోపుడుబళ్ళ మధ్య అడ్డంగా తిరిగి, "సైడ్, సైడ్, జర సైడ్" అనుకుంటూ గోదాము మెట్లెక్కాడు. బరువు వీపు మీదే ఉంది గాని మనసు దాని కింద లేదు. నిన్న సాయంత్రం చెవినపడ్డ మాట ఒకటి పంటిలో ఇరుక్కున్న మామిడిపీచులా ఎంత లాగినా రావడం లేదు.

"రాజన్నకు చెప్పకు."

అన్నవాడు యాకూబ్. తలూపినవాడు అమరనాథ్. తలుపవతల నిలబడిపోయినవాడు రాజన్న.

కుస్తీ పట్టేవాడంటే కొండంత మనిషి అనుకునేరు, కాదు. నలభై ఏడేళ్ళవాడు, పొట్టి. మెడ అనేది లేకుండా తల తిన్నగా భుజాల మీద పెట్టినట్టుంటుంది. ఎడమ చెవి నలిగి నలిగి ఎండిన అంజీరపండులా ముడుచుకుపోయింది. వారానికి ఆరు రోజులు హమాలీ పని. అందులో శుక్రవారం మాత్రం పొద్దున హమాలీ, జుమ్మా నమాజు అయ్యాక పహిల్వాన్. మొఘల్‌పురాలో మూతబడ్డ కట్టెల అడితి ఒకటుండేది. అందులో నాలుగు గుంజలు పాతి, తాళ్ళు కట్టి, బల్లల మీద టార్పాలిన్ పరిచి వెంకటనారాయణ గారు కుస్తీలు ఆడించేవారు. ఆయన కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి, గుమాస్తాగా రిటైరై, ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఫైళ్ళు లేకపోతే పొద్దుపోక, కుస్తీలు పెట్టుకున్నారు. రెఫరీ కూడా ఆయనే.

ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చాక, తెల్లవాళ్ళ కుస్తీలు చూసి చూసి జనానికి ఇద్దరు కొట్టుకుంటే ఆనలేదు. ముగ్గురు కావాలన్నారు. సరే, ముగ్గురినీ ఒకేసారి దింపారు. ఎవడు ఎవణ్ణయినా చిత్ చెయ్యొచ్చు. భుజాలు నేలకంటించి, రెఫరీ మూడు లెక్కపెట్టేదాకా అదిమి ఉంచితే గెలిచినట్టు. గెలిచేదెవరో ముందే అనుకుని దిగేవాళ్ళు. దాన్ని నూరా కుస్తీ అంటారు, కూడబలుక్కుని పట్టే కుస్తీ. ఆ సంగతి పాతబస్తీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలిసే వచ్చేవాళ్ళు. అబద్ధమని తెలిసినా అవ్వ చెప్పే కథకు ఊఁ కొట్టమూ? ఇదీ అంతే.

ఇద్దరి కుస్తీ ఎవడైనా పడతాడు. ముగ్గురిది పొయ్యిరాళ్ళ లెక్క, ఒక్కటి జరిగినా కుండ ఒలుకుతుంది. ఇద్దరు కలబడుతుంటే మూడోవాడేం చెయ్యాలి? చేతులు నులుముకుంటూ నిలబడితే జనం నవ్వుతారు. అందుకని వాడు గట్టి దెబ్బ తిన్నట్టు తాళ్ళ కిందుగా బయటికి దొర్లి, కదలకుండా పడి ఉండాలి. పడి ఉండటమంటే తేలికనుకోకండి, ఈ ఆటలో పెద్ద విద్య అదే. జనం వాణ్ణి మరిచిపోవాలి. అసలున్నాడన్న సంగతే మరిచిపోయాక, రెఫరీ రెండు అని మూడు అనేలోపల వచ్చి, పైనున్నవాణ్ణి కాలుపట్టి లాగాలి. ముందొస్తే ఉప్పులేని కూర, ఆలస్యమైతే మాడిన కూర.

ఇంకొక సంగతి. ముగ్గురిలో ఒక్కొక్కడికీ తక్కిన ఇద్దరి మీదా అనుమానం ఉండాలి. ఇద్దరొకటై మూడోవాణ్ణి తంతున్నప్పుడు కూడా, వీడు నన్నెప్పుడు తంతాడో అని ఓరకంట చూసుకుంటూ ఉండాలి. అప్పుడే జనం ఊపిరి బిగబడతారు. అయితే ఆ అనుమానం మొహంలోనే ఉండాలి. లోపలికి దిగిందా, మెడలు విరుగుతాయి. అందుకే వాళ్ళకొక గుర్తుండేది. పడబోయేవాడు, పట్టుకోవలసినవాడి మణికట్టు రెండుసార్లు నొక్కుతాడు. "పడుతున్నా, పట్టుకో" అని. పదకొండేళ్ళలో యాకూబ్ చేతుల్లోంచి రాజన్న ఒక్కసారీ జారలేదు.

ఆ పదకొండేళ్ళూ మూడోవాడి జాగా రాజన్నదే. తాళ్ళ బయట పడి ఉండటానికి ఒక సంచి తయారు చేసుకున్నాడు. పసుపు ఖాళీ చేసిన గోనెసంచి అది. యాకూబ్ దూదేకులవాడు, రజాయిలు కుడతాడు. మిగిలిన దూది తెచ్చి ఆ సంచి నింపి, మూతి కుట్టి ఇచ్చింది ఆయనే. ఆటకు ముందు రాజన్న దాన్ని పరిచి, గుంటలు లేకుండా అరచేత్తో చరిచి సాపు చేసేవాడు. ఆ పని ఇంకెవర్నీ చెయ్యనిచ్చేవాడు కాదు. ఎంత దులిపినా అందులో పసుపు పోలేదు. పడి లేచినప్పుడల్లా చెంపకు పసుపంటుకునేది. "పెండ్లికొడుకు లేచిండ్రోయ్!" అని జనం ఈలలు వేసేవాళ్ళు. ఒక్క ఆటా గెలవని రాజన్నకు ఆ పేరొక్కటే మిగిలింది. ఆ పేరూ ఆ జాగా పోతే ఇక శుక్రవారాలూ బస్తాలే.

మధ్యాహ్నం హుస్సేనీ ఆలంలో ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాడు.

"బువ్వ గట్ల కెలుకుతున్నవేంది?" అంది అతని భార్య ఆండాలు.

"నన్ను తీసేస్తరే."

"ఎవరన్నరు?"

"అననీకె ఏమున్నది. నేను వోతె మాటలు బంద్ చేస్తున్రు ఇద్దరు."

"యాకూబ్ భాయ్ గసుంటోడు గాదు. మొన్న మంగళారం రజాయి కుట్టి తనే మోసుకొచ్చిండు. పాపం, గడపల కూసొని మస్తు ఆయాసపడ్డడు."

రాజన్న ముద్ద ఆపాడు. "నేను లేనప్పుడు ఎందుకొచ్చిండు? ఏమడిగిండు?"

"నీ మోకాలు ఎట్లున్నదని అడిగిండు."

"సూసినవా! మోకాలు! మోకాలు వోయిందని చెప్పి తీసేస్తరు!"

"అయితె రజాయి వాపస్ ఇచ్చెయ్యి. దాంట్ల గుడ రెండు సూదులు వెట్టి కుట్టిండేమొ," అని ఆండాలు మజ్జిగ పోసి లేచిపోయింది. పరిహాసానికే అంది గాని, వెళ్ళేముందు రాజన్న ఆ రజాయిని అంచువెంట తడిమి చూశాడు.

అడితికి వెళ్ళేసరికి యాకూబ్ నమాజు నుంచి వచ్చి ఉన్నాడు. టోపీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. పెద్ద చెయ్యెత్తు మనిషి, గడ్డం సగం నెరిసింది. ఆయన కూర్చున్నది రాజన్న సంచి మీద. రాజన్న కంటికి ముందు ఆనింది అదే.

"రాజన్నా, ఇయ్యాల బయట నేను పండుకుంట. లోపల నువ్వు, అమర్ ఆడుండ్రి."

"ఎందుకు?"

"ఎందుకేంది భాయ్? పదకొండేండ్ల సంది నువ్వే పండుకుంటున్నవ్. నాకు గుడ జెర పెండ్లికొడుకును కావాల్నని ఉండదా?"

నవ్వాడు. నవ్వితే నుదుటి చెమట కనుబొమ మీదికి జారింది. నీడలో కూర్చున్న మనిషికి ఆ చెమటేమిటి? చేసిన తప్పుకు పట్టిన చెమట, అనుకున్నాడు రాజన్న. అమరనాథ్ వైపు చూశాడు. బేగంబజార్‌లో ఇత్తడి సామాను అమ్మేవాళ్ళ ఇంటివాడు, ఇరవై ఆరేళ్ళు, టీవీ చూసి జుట్టు పెంచాడు. ఆ జుట్టు మొహానికి అడ్డం వేసుకుని బూటు తాడు కడుతున్నాడు. కట్టిందే విప్పి మళ్ళీ కడుతున్నాడు.

వెంకటనారాయణ గారు విజిల్ మెడలో వేసుకుంటూ వచ్చారు. "ఏవిటయ్యా, ముగ్గురూ మూడు మొహాలు పెట్టారు? జాగాలు మార్చుకుంటే మార్చుకోండి. రాజన్న అమరనాథుణ్ణి అదిమిపెడతాడు, రెండు అనగానే యాకూబ్ వచ్చి లాగుతాడు, లాగి రాజన్నను చిత్ చేస్తాడు. గెలిచేది యాకూబే. ఆ ముక్క ఎవడన్నా మార్చాడో, వాడికి ఈ తాళ్ళ లోపల మరి పనిలేదు. ముందే చెబుతున్నా."

అప్పుడు రాజన్నకు అంతా తేటపడింది. ఇదా పన్నాగం! రెండు అన్నాక యాకూబ్ రాడు. కావాలనే రాడు. మూడు పడుతుంది, రాజన్న గెలుస్తాడు, మాట తప్పినవాడవుతాడు. వచ్చే శుక్రవారం మూడోవాడి జాగాలో ఇంకొకడుంటాడు. పదకొండేళ్ళ స్నేహం దగా చెయ్యడానికి ఎంత సులువైన దారి!

ఆట మొదలైంది. అడితి గోడల మీద కూడా జనం ఎక్కారు. ముగ్గురూ ముక్కోణంగా నిలబడి ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఆ వేళ రాజన్న చూపు చూసి ముందు వరసలోని ముసలాయన ఒకడు "అరె వా, ఏం చూస్తుండు రా! పానం తీసెటట్టున్నడు" అని మెచ్చుకున్నాడు. అమరనాథ్ ఒక్క ఉదుటున వచ్చి యాకూబ్ రొమ్ము మీద భుజంతో తాకాడు. తాకీ తాకనట్టు, పసిపిల్లను తోసినట్టు తాకాడు. యాకూబ్ వెనక్కి తూలి, తాళ్ళు పట్టుకుని, దాటిపోతూ రాజన్న మణికట్టు అందుకున్నాడు. రెండుసార్లు నొక్కాడు.

రాజన్న చెయ్యి విదిలించుకున్నాడు. ఇక్కడ పట్టుకోవలసిన పనేముంది? సంచి రెండడుగుల్లో ఉంది, తనే దొర్లి పడాలి. నన్ను మాయచెయ్యడానికి నొక్కాడు, అనుకున్నాడు. యాకూబ్ తాళ్ళ కిందికి దిగి, సంచి మీద పక్కకు ఒరిగి, చెంప ఆనించాడు.

లోపల ఇద్దరూ కలబడ్డారు. ఒకడు ఎత్తి వేస్తే ఒకడు కాలు మెలిపెట్టాడు. జనం కేకలు. యాకూబ్‌ను అందరూ మరిచిపోయారు, ఎంత బాగా మరిచిపోవాలో అంత బాగా. చివరికి రాజన్న అమరనాథ్‌ను ఎత్తి వేసి మీద పడ్డాడు. టార్పాలిన్ చప్పుడైంది.

"ఒకటి!"

రాజన్న తాళ్ళవైపు చూడలేదు.

"రెండు!"

కాలు మీద చెయ్యి పడలేదు. వెంకటనారాయణ గారి అరచెయ్యి గాల్లో ఆగింది. ఒక్క క్షణం, ఇంకొక్క క్షణం. ఆ ఆగడం జనానికి అర్థమైపోయింది. "నూరా! నూరా!" అని గోల. రాజన్న చేతులు వదిలేశాడు. గెలవడం చేతకాక కాదు, గెలిస్తే పోయేది తన జాగా గనక. లేచి తాళ్ళ దగ్గరికి వెళ్ళి, కిందికి వంగి, పళ్ళ సందునుంచి అన్నాడు: "లే, దగాకోర్. లే."

యాకూబ్ లేవలేదు. చెంపకు పసుపంటింది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి.

"పెండ్లికొడుకు లేస్తలేడు!" అని ఎవడో అరిచాడు. నవ్వులు వినిపించాయి. వెంకటనారాయణ గారు దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, ముక్కు దగ్గర వేళ్ళు పెట్టారు. అలాగే పెట్టి ఉంచారు. మెల్లగా నవ్వులు ఆగాయి.

అమరనాథ్ జుట్టు వెనక్కి తోసుకున్నాడు. మొహమంతా తడి. "అన్నా, వారం సంది ఆయనకు రొమ్ములో మంట. దవాఖానకు పోదాం పా అంటే రేపు, రేపు అన్నడు. చేతులు వదులైతున్నయ్, రాజన్నను ఎత్తితే పడేస్త, మెడ ఇరుగుతది, గందుకే బయట పండుకుంట అన్నడు. నీకు చెప్తే నువ్వు ఆడనియ్యవని..."

"గుర్తు ఇచ్చిండు," అన్నాడు రాజన్న.

"ఏంది అన్నా?"

"రెండుసార్లు నొక్కిండు. పట్టుకొమ్మన్నడు."

రాజన్న వంగి యాకూబ్ వీపు కింద ఒక చెయ్యి, మోకాళ్ళ కింద ఒక చెయ్యి పోనిచ్చాడు. అమరనాథ్ సాయం వస్తే తలతోనే వద్దన్నాడు. ఇన్నేళ్ళు బస్తాలను భుజాన మోసిన మనిషి, యాకూబ్‌ను మాత్రం రొమ్ముకు ఆనించి పట్టుకున్నాడు. జనం దారి ఇచ్చారు. మూడు సందులవతల యాకూబ్ ఇంటిదాకా ఎక్కడా దించలేదు, చెయ్యి మార్చలేదు. ఆరోజు "సైడ్, సైడ్" అనాల్సిన అవసరం రాలేదు.

పొద్దు గూకేముందు రాజన్న తిరిగి అడితికి వచ్చాడు. వెంకటనారాయణ గారు తాళ్ళు విప్పుతున్నారు. "ఆ సంచి తీసుకెళ్తావా, రాజన్నా?" అన్నారు. రాజన్న దాని పక్కన గొంతుక్కూర్చుని, అలవాటు చొప్పున చరచబోయి అరచెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి ఒళ్ళోకి తీసుకున్నాడు.

సంచి మీద, పసుపు దుమ్ములో, చెంప ఆన్చినంత మేర పల్లంగా అణిగిన దూది మెల్లమెల్లగా పైకి లేస్తోంది.