దూది కుక్కిన ఘుగ్రీలు

పొద్దున మట్టిగోడ మీద వెలుగు ముక్కలు.

చిన్నవి. గుండ్రనివి. ధర్మి చెయ్యి లేపితే లేస్తాయి, వంగితే నేల మీదికి జారతాయి. ఆమె రవికకు కుట్టుకున్న అద్దాల మీద ఎండ పడి, గోడ నిండా చెదురుతుంది. ఆ ఇంట్లో ముఖం చూసుకునే అద్దం లేదు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి పొద్దున్నే ఆమె మొదట చూసుకునేది ఆ ముక్కలనే. అవి కదిలితే తాను ఉన్నట్టు.

ఈ మధ్య వాటిని చూడాలంటే భయమేస్తోంది.

నస్రుల్లాబాద్ దగ్గరి తండా ఆమెది. కాలువగట్టు మీద నడిచి, రోడ్డెక్కి, బస్సు పట్టుకుని బాన్సువాడ పోతుంది. దవాఖానలో ఆయా పని. డెబ్బై ఎనిమిదిలో తండా ఆడమనిషికి సర్కారు కొలువంటే మాటలా! అంతకుముందు పలకరించనివాళ్ళు కూడా "మా ధర్మి" అనడం మొదలుపెట్టారు. మొగుడు ఫూల్‌సింగ్ అయితే, చెరుకు కొట్టడానికి బోధన్ వైపు బండి కట్టుకుని పోయేదాకా కనబడ్డవాళ్ళందరికీ అదే ముచ్చట చెప్పాడు.

ధర్మి వస్తోందని ఆమె కన్నా ముందు ఆమె చప్పుడు చెబుతుంది. చెంపల పక్కన జుట్టుకు వేలాడే వెండి ఘుగ్రీలు, వాటి అంచున గజ్జెలు. మోచేతుల పైన బిగుతుగా తెల్లగాజులు. ఘుగ్రీలూ ఆ గాజులూ పెళ్ళినాడు పెడతారు. మొగుడు పోయిన నాడు తీస్తారు. మధ్యలో తీయడం తండాలో లేదు.

కానీ ధర్మి తీస్తోంది.

రోజూ తీస్తోంది…

దవాఖాన పెద్ద సిస్టర్ కృష్ణా జిల్లా మనిషి. మంచిదే, నోరే కాస్త కటువు. "ఏమిటమ్మా ఈ గలగల? బాలింతలు కునుకు తీయొద్దా? రేపటి నుంచి తెల్లచీర కట్టుకురా" అంది. ధర్మి ఎదురు చెప్పలేదు. ఎలా చెబుతుంది? అంతకు కొద్దిరోజుల ముందే ఆమె రవిక అద్దం ఒక పసిగుడ్డు చెంపను గీరింది. సన్నని ఎర్రగీత. ఆ గీత చూసి కన్నతల్లి కన్నా ధర్మే ఎక్కువ ఏడ్చింది.

దవాఖాన వెనకే తోటి ఆయా లింగవ్వ ఇల్లు. పొద్దున తండా బట్టల్లో ఆ గదిలోకి పోతుంది. తెల్లచీరలో బయటికి వస్తుంది. సాయంత్రం మళ్ళీ తన బట్టల్లోకి మారి బస్సెక్కుతుంది. అత్త జమునాబాయికి ఈ సంగతి తెలియదు.

"కుచ్చిళ్ళు గట్ల గాదే పిల్లా, గట్టిగ దోపు. ఊడిందనుకో, డాక్టరు సారు ముంగట ఇజ్జత్ పోతది" అని లింగవ్వ నవ్వుతూనే కట్టడం నేర్పింది.

గాజులు మాత్రం రావు. వాటిని దాచడానికి మోచేతుల దాకా చేతులున్న జాకెట్టు కుట్టించుకుంది. ఘుగ్రీలను గుడ్డలో చుట్టి లింగవ్వ జొన్నల కుండలో పెడుతుంది.

చీర తేలిక. చీరలో వంగడం తేలిక, బస్సెక్కడం తేలిక, మనుషుల్లో కలిసిపోవడం తేలిక. ఎవరూ కిందికీ మీదికీ చూడరు. రోగులు "అమ్మా" అని పిలుస్తారు.

నచ్చింది.

అదే భయం. బలవంతాన కట్టుకున్నానని ఎవరికైనా చెప్పుకోవచ్చు. నచ్చిందని ఎవరికి చెప్పుకుంటుంది?

అయినా వరండాలో నడుస్తూ నడుస్తూ చటుక్కున ఆగిపోతుంది. వెనక్కి తిరిగి చూస్తుంది. తన చప్పుడు లేదు. నడిచి వచ్చింది ఎవరు… తానేనా?

ఫూల్‌సింగ్ దగ్గరి నుంచి కబురు రావడం ఆగిపోయింది. అంతకుముందు వారం వారం అంగడికి చెరుకుబండ్ల వాళ్ళెవరో ఒకరు వచ్చి, బాగున్నాడు, బెల్లం తెస్తానన్నాడు అని చెప్పేవారు. ఇప్పుడు ఎవరూ రావడం లేదు. చెరుకు తోటల్లో పాములుంటాయి. బండ్లు తిరగబడతాయి. ఇవన్నీ ఏటా ఉండేవే. ఈ ఏడాది మాత్రం ఆమె ఘుగ్రీలు తీస్తోంది.

నేను తీసినందుకేనా? ఈ మాట ఆమె పైకి అనలేదు. చీపురు పట్టుకున్నా అదే, దుప్పట్లు ఉతికినా అదే.

అప్పుడు వచ్చింది సోమ్లి.

సోమ్లి తండా ముసలమ్మ. మొగుడు పోయి ఎన్నేళ్ళయిందో ఆమే మరిచిపోయింది. చెంపలు బోసి, మోచేతుల పైన గాజుల ఒరిపిడి మచ్చలు. దగ్గు మందు కోసం వచ్చి, దవాఖాన వరండాలో తెల్లచీర కట్టిన మనిషిని చూసింది. ముందు గుర్తుపట్టలేదు. తర్వాత గుర్తుపట్టింది. ఆ చెంపలను చూసింది.

చేతిలో సీసా కింద పడింది. సోమ్లి వచ్చి ధర్మి మెడ మీద పడి రాగం తీసింది.

తండా ఆడవాళ్ళు చావు కబురు మాటల్లో చెప్పుకోరు. మెడ పట్టుకుని రాగం తీస్తారు. ఎందుకని అడగకూడదు. తిరిగి ఏడవాలి. చిన్నప్పటి నుంచి గొంతుకు పట్టిన అలవాటు అది.

ధర్మికి అర్థమైంది. కబురు వచ్చింది. చెరుకు తోటల నుంచి రావలసిన కబురు… ఇలా వచ్చింది. ఆమె నోరు దానంతట అదే తెరుచుకుంది. ఇద్దరూ ఒకరి మెడ ఒకరు పట్టుకుని, ఊగుతూ, రాగం మీద రాగం తీస్తూ ఏడ్చారు. బాలింతలు మంచాల మీద లేచి కూర్చున్నారు.

లింగవ్వ ఉరికొచ్చింది. "ఏమైందే? ఎవలు సచ్చిండ్రు?"

"దీని మొగడు" అంది సోమ్లి.

"నీకెవలు జెప్పిండ్రు అవ్వా?"

"ఎవలు జెప్పుడేంది? దీని చెంపలు సూడు. గవి జెప్తలేవా?"

ధర్మి ఏడుపు ఆపింది. "యాడీ… అమ్మా, నాకు నువ్వే గదా జెప్పినవ్!"

లింగవ్వకు నవ్వొచ్చింది, కొంగు నోట్లో కుక్కుకుంది. సోమ్లి నవ్వలేదు. ఆమె ముఖం బూడిద రంగుకు తిరిగింది.

"బతికున్నోని మీద రాగం తీస్తిమి బిడ్డా" అంది మెల్లగా. "ఉరుకు. పెట్టుకో. ఇగ తియ్యకు."

ధర్మి లింగవ్వ ఇంటికి ఉరికింది. జొన్నల కుండలో మోచేతి దాకా చెయ్యి పెట్టింది. గుడ్డ చిక్కలేదు. కుండను నేల మీద కుమ్మరించింది. జొన్నల మధ్య నుంచి ఘుగ్రీలు తీసి జుట్టుకు కట్టుకుంది. ఏడుపులు విని వెనకే వచ్చిన పెద్ద సిస్టర్ గుమ్మంలో నిలబడి ఉంది. అంతా చూసింది. వెళ్ళిపోతూ, "రేపెలా వస్తావో చూస్తాను" అంది.

సోమ్లి ఎవరికీ చెప్పనని ఒట్టేసింది. సోమ్లి ఒట్టు సంగతి తండా అంతటికీ తెలుసు.

ఆ సాయంత్రం ఎండ ఉండగానే ధర్మి, మూటగట్టి తెచ్చుకున్న తెల్లచీరా జాకెట్టూ ముందేసుకుని, సూది పట్టుకుని అత్త కంటపడకుండా ఇంటి వెనక కూర్చుంది. జాకెట్టు చేతులు కత్తిరించింది, గాజులు కనబడేదాకా. పాత రవిక నుంచి అద్దాలు విప్పి చీర అంచున వరసగా కుట్టింది. కింద, మడమల దగ్గర… ఏ పసిబిడ్డ చెంపా తగలని చోట. దవాఖాన నుంచి కొంగున కట్టుకొచ్చిన దూదిని ఘుగ్రీల గజ్జెల్లో కుక్కింది. ఊపి చూసింది. చప్పుడు లేదు. ఘుగ్రీలు మాత్రం ఉన్నాయి.

ఇలాంటి కట్టు తండాలో లేదు, బాన్సువాడలోనూ లేదు. కట్టుకుని నిలబడి కిందికి చూసుకుంది. ఇది నేను, అనుకుంది. సంతోషమేసింది. నిజంగానే సంతోషమేసింది.

ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చి ఆమెను కూలేసింది.

ఫూల్‌సింగ్ నిజంగా పోయి ఉంటే? అప్పుడు ఎవరో వచ్చి వీటిని తీసేస్తారు. గాజులు పగలగొడతారు. నేను, నేను అనుకుంటున్నదంతా ఎక్కడో చెరుకు తోటలో ఒక మనిషి ఊపిరికి వేలాడుతోంది. అతను బతకాలని మొక్కుకుంది. మొక్కుతూ మొక్కుతూ భయపడింది… ఈ మొక్కు అతని కోసమా, నా కోసమా?

మర్నాడు దవాఖాన వరండాలో పెద్ద సిస్టర్ ఆమెను పాదాల నుంచి తల దాకా చూసింది. దగ్గరికి వచ్చి, వేలితో ఘుగ్రీని మీటింది. మోగలేదు.

"దూదా?"

ధర్మి తలూపింది.

"మన దూదేనా?"

ధర్మి నేల చూసింది. సిస్టర్ వార్డులోకి నడిచింది. ఉండమన్నట్టో, పొమ్మన్నట్టో తెలియలేదు.

అప్పుడే గేటు దగ్గర జమునాబాయి కనబడింది. అంగడి రోజు కాదు. అంగడి లేకుండా అత్త బాన్సువాడ రాదు. ముసుగు ముఖం మీదికి లాక్కుని ఉంది. వెనక సోమ్లి.

సోమ్లి నోరు జారిందా? లేక చెరుకుబండ్ల నుంచి కబురా?

నోరు జారితే అత్త తిడుతుంది. కబురైతే మెడ మీద పడుతుంది.

తిట్టు అత్తా, అనుకుంది ధర్మి. కొట్టు. ఇంత మంది ముందు చెంప పగలగొట్టు.

జమునాబాయి మెట్లెక్కింది. దగ్గరికి వచ్చింది. రెండు చేతులూ పైకి లేపింది.

ధర్మి తన ఘుగ్రీలను రెండు పిడికిళ్ళలో పట్టుకుంది.

వరండా గోడ అడుగున వెలుగు ముక్కలు. చిన్నవి. గుండ్రనివి. ఆమె కదలకుండా నిలబడింది. అవి మాత్రం వణుకుతున్నాయి…